పాలతల్లి పిలుపు

ఇసుకదిబ్బ పాలెం ఆ ఉదయం ఒక బిడ్డ ఏడుపు కోసం చెవులు రిక్కించుకుని ఉంది. ఆ ఏడుపు ఎంత ఆలస్యంగా వినబడితే అంత మంచిదనుకుంటున్న మనిషి పాలెం మొత్తం మీద శ్రీదుర్గ ఒక్కతే.

కృష్ణ సముద్రంలో కలిసే చోట, దివిసీమ చిట్టచివర, పడవ దాటితే తప్ప చేరలేని పాలెం అది. సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడాది. మగవాళ్లంతా వేటకు వెళ్లారు. వాళ్లు వెళ్లిన బోట్లకు యజమాని నాంచారయ్య. పాలెంలో డాబా ఇల్లున్నది ఆయనకే. ఆ ఇంటి పడమటి గదిలో ఆయన కూతురు మంగతాయారు తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది. సందుకు ఇవతల శ్రీదుర్గ తాటాకు పాక. మూలుగు వినబడినంతసేపూ ఆమె ఊపిరి మామూలుగా ఆడుతోంది. మూలుగు ఆగితే చేతిలో పని ఆగిపోతోంది.

ఆమె భయానికి కారణం పాలెంలోని ఒక ఆచారం. కాన్పు కాగానే తల్లికి వచ్చే చిక్కటి, పసుపుపచ్చటి పాలను అక్కడ బిడ్డకు పట్టరు. తొమ్మిది నెలలూ రొమ్ములో నిలవ ఉండి చెడిపోయిన పాలని వాళ్ల నమ్మకం. వాటిని పిండి గోడ అవతల పారబోస్తారు. తెల్లపాలు దిగేదాకా మూడు రోజుల పాటు, ఒళ్లో చంటిబిడ్డ ఉన్న మరో స్త్రీ వచ్చి పాలిస్తుంది. ఆమెను పాలతల్లి అంటారు. బిడ్డకు పేరు పెట్టేది కూడా ఆమె ఒళ్లోనే. ఆమె పాలు తాగిన బిడ్డ పెద్దయ్యాక పెళ్లిపీటల మీద కూర్చునే ముందు కన్నతల్లి కంటే ముందుగా ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలి. పాలతల్లిగా పిలవడం గౌరవం. యజమాని ఇంటి నుంచి వచ్చిన పిలుపైతే మరీ గౌరవం. ఆ పిలుపును కాదన్న ఆడది ఆ పాలెంలో ఇంతవరకూ లేదు.

మంగతాయారు సీమంతం నాడు, నాంచారయ్య భార్య తిరపతమ్మ, నలుగురి ముందూ శ్రీదుర్గ నుదుట బొట్టుపెట్టింది. "మా మనవడికి పాలతల్లివి నువ్వేనే. నీ కొడుకు గుమ్మడిపండులా ఉన్నాడు. నీ పాలవాసి మంచిది" అంది. శ్రీదుర్గ నవ్వి తల వంచుకుంది. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆమెకు ఈనాటికీ తెలియదు. భయం కూడా ఒక్కోసారి నవ్వుగానే బయటపడుతుంది.

ఆమె పాలలో ఏముందో పాలెంలో ముగ్గురికే తెలుసు. ఆమెకు, ఆమె భర్త ఆంజనేయులుకు, అత్త వీరమ్మకు.

శ్రీదుర్గ పుట్టిల్లు బందరు దగ్గర చిలకలపూడి. ఆ ఊళ్లో ఇంటింటా గిల్టు నగలు చేస్తారు. ఆమె కూడా పెళ్లయ్యేదాకా గాజులకు రాళ్లు అతికించింది. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడు తల్లి బందరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. గర్భిణులందరికీ చేసినట్టే ఆమెకూ రక్తపరీక్ష చేశారు. తర్వాత రూతు అనే కౌన్సిలరు గది తలుపు దగ్గరగా వేసి, కుర్చీని ముందుకు జరుపుకుని, ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. రక్తంలో హెచ్ఐవి అనే పురుగుంది. ముదిరితే దాన్నే ఎయిడ్స్ అంటారు. అది మొగుడూ పెళ్లాల కలయిక వల్ల, రక్తం వల్ల, ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడటం వల్ల, తల్లి నుంచి బిడ్డకు కాన్పులోనో పాలలోనో వస్తుంది. ఒకే కంచంలో తింటే రాదు. పక్కన కూర్చుంటే రాదు. దోమ కుడితే రాదు.

"నొప్పులు మొదలవగానే ఈ మాత్ర మింగు. బిడ్డ పుట్టాక మూడు రోజులు దాటకుండా వాడికి చుక్కల మందు పోస్తాం" అని చెప్పి, రూతు ఇంకో మాట కూడా అడిగింది. "మీ పాలెంలో మంచినీళ్లు ఎలా వస్తాయమ్మా?"

"చెరువు నీళ్లేనండీ. ఎండాకాలం ఉప్పగా ఉంటాయి."

"అయితే డబ్బాపాలు నీకు కుదరవు. ఆ నీళ్లతో కలిపిన పాలకు విరేచనాలొచ్చి బిడ్డ ముందే పోతాడు. ఆరు నెలలు నీ పాలే పట్టు. మధ్యలో నీళ్లు వద్దు, తేనె వద్దు, ఆవుపాలు వద్దు. తర్వాత పూర్తిగా మాన్పించు. ప్రమాదం లేదని నేను చెప్పను. తక్కువని మాత్రం చెబుతాను."

ఆ తక్కువ అనే మాటను పట్టుకునే శ్రీదుర్గ బతుకుతోంది. ఐదో నెల నడుస్తున్న కొడుకు నానిగాడు రొమ్ముకు నోరు ఆనించిన ప్రతిసారీ ఆమె ఆ మాటను మనసులో తాయెత్తులా తడుముకుంటుంది. వాడికి ఏడాదిన్నర నిండాక పరీక్ష చేస్తే గాని సంగతి తేలదు. ఆ లోపు వాడు తుమ్మినా, పాలు కక్కినా, ఒళ్లు కాస్త వెచ్చబడినా ఆమెకు కళ్లు చీకట్లు కమ్ముతాయి.

తర్వాత ఆంజనేయులు కూడా బందరు వెళ్లాడు. అతనికీ ఉందని తేలింది. అంతకు ముందు రెండేళ్లు అతను ఒరిస్సాలోని పారాదీప్ రేవులో వేట చేసి వచ్చాడు. ఇంట్లో ఎవరికి తలకాయ ఉన్నా లెక్క అక్కడే తేలాలి. వీరమ్మ మాత్రం లెక్కను వేరే కొస నుంచి పట్టుకుంది. "పరీక్షలో ముందు బయటపడింది నీకే. నా కొడుక్కి నువ్వే అంటించావు" అంది. ఆ రోజు నుంచి కోడలి కంచం, గ్లాసు వేరు చేసింది. కొడుకు తిన్న కంచంలోనే తాను తింటుంది. ఇద్దరిదీ ఒకే జబ్బు. వెలి మాత్రం ఒక్కరికే. అప్పుడు ఆంజనేయులు తల్లి ఎదుట నేల చూస్తూ కూర్చున్నాడు. ఈనాటికీ అలాగే కూర్చుంటున్నాడు.

సందులో ఎండురొయ్యలు ఏరుతున్న ఆడవాళ్లు శ్రీదుర్గను చూసి నవ్వారు.

"ఏమే పాలతల్లీ, పట్టుచీర పెడతారంటావా, నూలుచీరతో సరిపెడతారంటావా?" అంది పొరుగింటి అచ్చమ్మ.

"నీకెందుకే ఆ కుళ్లు? నీ కొడుకు ఎండు మెత్తళ్లలాగా ఉన్నాడు. వాణ్ణి చూసి నిన్నెవరు పిలుస్తారు?" అంది రెండో ఆమె.

"మా వాడు తండ్రి పోలికే. పాలదేం తప్పులేదు" అంది అచ్చమ్మ. అందరూ పగలబడి నవ్వారు. శ్రీదుర్గ కూడా పెదవులు కదిపి పాకలోకి వచ్చేసింది.

లోపల వీరమ్మ నానిగాణ్ణి ఊయలలో ఊపుతోంది.

"అత్తా, జొరమని చెబుతాను."

"నిన్న పొద్దుగూకేదాకా రొయ్యలేరావు. ఇంతలో జొరం ఎక్కణ్ణుంచి ఊడిపడిందంటారు."

"పాలు ఇంకిపోయాయని చెబుతాను."

"ముందు నీ జాకెట్టు చూసుకుని చెప్పు ఆ మాట."

శ్రీదుర్గ చూసుకుంది. జాకెట్టు ముందుభాగం తడిసి ఉంది. సందు అవతల మూలిగిన ప్రతిసారీ ఆమెకు పాలు చేపుకొస్తున్నాయి. మనసు వద్దంటున్నా ఒళ్లు వినడం లేదు.

"నిజం చెప్పేస్తేనో?" అంది.

వీరమ్మ ఊయల ఆపింది. "పక్క పాలెంలో సత్యానందం పోయినప్పుడు ఏం చేశారో మర్చిపోయావా? వాళ్ల పాక తగలబెట్టారు. వాడి పెళ్లాన్ని చెరువు మెట్టు దిగనిచ్చారా? ఇద్దరు పిల్లల్నేసుకుని గుడివాడ పోయి, బస్టాండులో పడుకుందంట. నా కొడుకు నాంచారయ్య బోటెక్కకపోతే మనకి కూడెక్కడిదే?"

"అది పసిబిడ్డ అత్తా!"

"నేను కాదన్నానా? దానికే ఒక దారి చూశాను." వీరమ్మ కొంగు చాటు నుంచి ఉగ్గుగిన్నె తీసింది. సన్నటి ముక్కున్న పాత కంచుగిన్నె. దానిని చింతపండుతో తోమి తళతళలాడించింది. "ఇందులో పిండు. నీ రొమ్ము బిడ్డ నోటికి తగలదు. నీ ఒళ్లు బిడ్డ ఒంటికి తగలదు. తగలందే ఎట్లా అంటుద్ది?"

"తగిలితే అంటదు అత్తా. రూతమ్మ గారు వందసార్లు చెప్పారు. పాలలో ఉంటదది. గిన్నెలో పోసినా అవి నా పాలే కదా?"

"ఓహో. మరి నీ కొడుక్కి ఎట్లా పడుతున్నావ్?"

ఆ ప్రశ్నకు శ్రీదుర్గ దగ్గర జవాబు ఉంది. ఉప్పునీళ్లు, విరేచనాలు, ఆరు నెలలు, తక్కువ ప్రమాదం. ఏ తల్లీ తేలిగ్గా చెప్పగలిగిన జవాబు కాదది.

సరిగ్గా అప్పుడే సందు అవతల మూలుగు ఆగిపోయింది. తర్వాత ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా, విడవకుండా.

పసుపు, కుంకుమ, తమలపాకులున్న పళ్లెంతో తిరపతమ్మ స్వయంగా వచ్చింది. ఆవిడ ఎప్పుడూ పాకలోకి వంగి వచ్చే మనిషి కాదు. ఇవాళ వంగింది.

"మనవడే దుర్గా! నువ్వు రా. గొంతు చించుకుంటున్నాడు."

శ్రీదుర్గ కాళ్లు ఆమెను తీసుకెళ్లాయి. నానిగాణ్ణి చూస్తుండమని అచ్చమ్మకు చెప్పి, ఉగ్గుగిన్నె పట్టుకుని వీరమ్మ వెనకాలే నడిచింది.

పడమటి గదిలో వేపాకు పొగ, కాగిన నూనె వాసన. నులకమంచం మీద మంగతాయారు అలసిపోయి కళ్లు మూసుకుని ఉంది. ఆమె అవనిగడ్డలో పదో తరగతి దాకా చదివింది. పాలెంలో పేపరు చదివే ఆడమనిషి ఆమె ఒక్కతే. వరసకు శ్రీదుర్గకు ఆడపడుచు. మంత్రసాని సూరమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి శ్రీదుర్గ చేతుల్లో పెట్టింది.

బిడ్డకు పాల వాసన తెలిసింది. ఏడుపు చటుక్కున ఆపి, మెడ తిప్పి, ఎర్రటి నోరు తెరిచి, ఆమె తడిసిన జాకెట్టు వైపు వెతకడం మొదలుపెట్టాడు. శ్రీదుర్గ రెండు చేతులూ చాచి వాణ్ణి తన ఒంటికి దూరంగా పట్టుకుంది.

"అదేంటే, పాముపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంటావు? కూర్చో" అంది తిరపతమ్మ.

"పెద్దత్తయ్యా, వదిన పాలే పట్టించండి. మొదటి పాలు చెడ్డవి కావు. బిడ్డకి అవే బలమని బందరు ఆసుపత్రిలో చెప్పారు. మా నానిగాడికి నేను అవే పట్టాను."

"నీ బందరు సంగతులు బందర్లో ఉంచు. మా అత్త పట్టలేదు, నేను పట్టలేదు. పచ్చగా చీములాగా ఉండే ఆ పాలు నా మనవడికి పట్టేదేంటి?"

బిడ్డ మళ్లీ ఏడుపు అందుకున్నాడు. వీరమ్మ చొరవగా ముందుకొచ్చింది. "అక్కా, దీనికి సిగ్గు. నలుగురిలో కూర్చోలేదు. గిన్నెలో పిండి ఇస్తది. ఉగ్గుగిన్నె తెచ్చాను చూడు."

"ఏదో ఒకటి చెయ్యండే, గుక్కపట్టేటట్టున్నాడు!"

వీరమ్మ కోడలి చేతిలో గిన్నె పెట్టి, మూలనున్న చాప అడ్డం చాటుకు నెట్టింది. నెట్టేటప్పుడు చెవిలో చెప్పింది. "నీ కొడుకుని తల్చుకో."

చాప చాటున శ్రీదుర్గ ఒంటరిగా నిలబడింది. గిన్నె దగ్గరకు తెచ్చిందో లేదో, వేలు నొక్కకుండానే పాలు ధారకట్టాయి. గిన్నె నిండుతున్న చప్పుడు అవతలికి కూడా వినబడి ఉంటుంది. తిరపతమ్మ "అమ్మయ్య" అనడం ఆమె విన్నది. ఆమె తన కొడుకునే తల్చుకుంది. ఇద్దరికి పుట్టిన పాపానికి వాడు ఒక్కడు భయంలో పెరుగుతున్నాడు. ఈ గిన్నె ఆ చాప దాటితే అలాంటివాళ్లు ఇద్దరవుతారు. ఆ రెండోవాడు పెళ్లిపీటల ముందు వంగి తన కాళ్లకు దణ్ణం పెడతాడు. లేదా పెళ్లి దాకా బతకనే బతకడు.

శ్రీదుర్గ చాప పక్కకు లాగి, అందరూ చూస్తుండగా, గిన్నెను తూము దగ్గర బోర్లించింది.

"పాలు పారబోసిందే!" అని సూరమ్మ గుండెలు బాదుకుంది. పురిటి గదిలో పాలతల్లి పాలు పారబోయడం కంటే పెద్ద అపశకునం ఆ పాలెంలో లేదు. తిరపతమ్మ ముఖం నల్లబడింది. "ఏం ఒళ్లు కొవ్వే నీకు? మా ఇంటి కూడు తింటూ—"

"నా పాలు ఈ బిడ్డకి పట్టకూడదు పెద్దత్తయ్యా. నాకు హెచ్ఐవి ఉంది. ఎయిడ్స్ అంటారే, ఆ పురుగు. అది పాలలో పోతుంది. బందర్లో తేలింది."

ఆమె గొంతు పెద్దగా లేదు. అయినా గదిలో ఆ మాట వినబడని మూల లేదు. సూరమ్మ గోడకు ఆనుకుని, అంతకు ముందు శ్రీదుర్గ వేళ్లకు తగిలిన తన చేతుల్ని చీరకు తుడుచుకుంది. తిరపతమ్మ బిడ్డను లాక్కుని వాడి నోరు తెరిచి చూసింది.

"ఒక్క చుక్క కూడా వెళ్లలేదు. ఒట్టు" అంది శ్రీదుర్గ.

మంచం మీది నుంచి మంగతాయారు రెండు చేతులూ చాచింది. "వాణ్ణి ఇటివ్వమ్మా."

"నీ పాలింకా—"

"ఇవ్వమ్మా. చచ్చిపోతున్నాడు ఏడ్చి ఏడ్చి." తల్లి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని ఆమె రొమ్ముకు ఆనించుకుంది. బిడ్డ పట్టుకున్నాడు. ఆ గదిలో ఏడుపు ఆగింది.

వీరమ్మ మాత్రం ఆ నిశ్శబ్దాన్ని భరించలేకపోయింది. "అక్కా, నా కొడుకు బంగారం. దీని కడుపుకి పరీక్ష చేస్తే దీనికే ముందు తేలింది. చిలకలపూడి నుంచి మోసుకొచ్చి మా కొంప ముంచింది—"

"ముందు పరీక్షకి వెళ్లింది నేను అత్తా." శ్రీదుర్గ మొదటిసారి అత్త కళ్లల్లోకి చూసింది. "కడుపుతో ఉన్నాను కాబట్టి వెళ్లాను. ముందు తెలిసినదాన్ని నేను. ముందు తెచ్చినదాన్ని కాదు. పారాదీప్‌లో ఏం చేశాడో నీ కొడుకు నా దగ్గర ఏడ్చి ఒప్పుకున్నాడు. నీ దగ్గర ఒప్పుకునే ధైర్యం లేక, నువ్వు నా కంచం వేరు చేస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక అడుగు. నా ముందే అడుగు."

వీరమ్మ నోరు తెరిచింది. కానీ ఆ నోటి నుంచి మాట రాకముందే మంగతాయారు గొంతు వినబడింది.

"వదినా, పారాదీప్‌లోనా?"

శ్రీదుర్గకు అప్పుడు గుర్తొచ్చింది. మంగతాయారు భర్త వెంకట్ కూడా ఆ రెండేళ్లూ ఆంజనేయులుతో అదే రేవులో, అదే బోటులో ఉన్నాడు. బావా బావా అనుకుంటూ ఒకే గదిలో వండుకు తిన్నారు. మంగతాయారుకు పరీక్ష లేదు. అల్లుడు బందరు ఆసుపత్రిలో చూపిస్తానంటే, యజమాని కూతురు సర్కారు ఆసుపత్రి వరసలో నిలబడుతుందా అని తిరపతమ్మే ఆపింది.

ఆ సంగతి తిరపతమ్మకూ ఇప్పుడే అర్థమైంది. ఆవిడ చూపు మనవడి నోటి మీదకు, అక్కణ్ణుంచి కూతురి ముఖం మీదకు పాకింది. "దుర్గా," అంది, "ఇప్పుడు ఆ పాలు మాన్పించనా?"

"వద్దు పెద్దత్తయ్యా. తెలియనంత వరకూ తల్లి పాలే పట్టాలంటారు. కానీ రేపే బందరు వెళ్లాలి. ఒకవేళ ఉంటే, బిడ్డకి చుక్కల మందు మూడు రోజుల్లోపే పడాలి."

"పచ్చి బాలింతని గడప దాటించడమా! మైల—"

"మైల కడిగితే పోద్ది. ఇది కడిగితే పోదు."

సాయంత్రానికి సూరమ్మ నోటి నుంచి పాలెమంతా పాకింది. శ్రీదుర్గ చెరువుకు వెళ్తే అచ్చమ్మ తన బిందెను గబుక్కున పక్కకు జరుపుకుంది. పొద్దున చీర గురించి నవ్వినవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. ఎవరో వెనక నుంచి "మెట్టు తొక్కనివ్వకండే" అన్నారు. శ్రీదుర్గ సగం నిండిన బిందెతో వచ్చేసింది. వీరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తిట్టలేదు. కంచాలు కడిగి బోర్లించింది. అందులో ఏది ఎవరిదో చూడలేదు, లేదా చూసే ఓపిక లేదు. పాకకు ఎవరైనా నిప్పు పెడతారేమోనని శ్రీదుర్గ బిడ్డను గుండెలకు కరుచుకుని తలుపు దగ్గరే పడుకుంది.

తెల్లవారగానే తిరపతమ్మ కూతుర్ని దుప్పటి కప్పి రేవుకు నడిపించింది. పడవవాడు శ్రీదుర్గను చూసి తెడ్డు అడ్డం పెట్టాడు. "ఈమె ఎక్కితే మిగతావాళ్లు ఎక్కరండీ."

"ఎవరూ ఎక్కొద్దు. పడవంతా నాదే. తియ్యి" అంది తిరపతమ్మ. ఆవిడ గొంతులో జాలి లేదు. బందర్లో ఏ గదికి వెళ్లాలో, ఎవరిని అడగాలో శ్రీదుర్గకే తెలుసు కాబట్టి తీసుకెళ్తోంది. అంతే. శ్రీదుర్గ ఆ సంగతి తెలిసే ఎక్కింది.

అవతలి గట్టున ఆటో, అవనిగడ్డలో బస్సు, చల్లపల్లి మీదుగా బందరు. దారి పొడవునా నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. ఎవరూ చూడలేదు. బస్సు కుదిపినప్పుడల్లా మంగతాయారు పళ్లు బిగించుకునేది.

రూతు శ్రీదుర్గను గుర్తుపట్టింది. విషయం విని మంగతాయారును లోపలికి తీసుకెళ్లింది. బయట బల్ల మీద తిరపతమ్మ, ఆవిడ ఒళ్లో మనవడు, పక్కన నానిగాడితో శ్రీదుర్గ. రక్తం తీసుకున్నారు. ఆగమన్నారు. తలుపు తెరుచుకుంటుంది, ఎవరో నర్సు బయటికొస్తుంది, తిరపతమ్మ సగం లేస్తుంది, నర్సు వేరే వైపు వెళ్లిపోతుంది. కాసేపటికి తిరపతమ్మ చెయ్యి పక్కనున్న చేతిని వెతికి పట్టుకుంది. గోళ్లు దిగబడేంత గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి ఎవరిదో ఆవిడకు గుర్తున్నట్టు లేదు. శ్రీదుర్గ కదలలేదు.

"వాడికి గనక ఏదైనా అయితే నేను బతకనే దుర్గా" అంది తిరపతమ్మ.

నానిగాణ్ణి చూసి తాను ప్రతిరోజూ అనుకునే మాటే అది. అంతటి డాబా ఇంటి మనిషికీ అవే మాటలు.

రూతు వాళ్లను లోపలికి పిలిచింది. "ఇప్పటికైతే లేదమ్మా. కానీ కొత్తగా సోకి ఉంటే ఒక్కోసారి పరీక్షలో దొరకదు. మూడు నెలల తర్వాత మళ్లీ రావాలి. ముఖ్యంగా మీ అల్లుడుగారు రావాలి. ఆయన పరీక్ష తేలేదాకా మొగుడూ పెళ్లాల మధ్య నిరోధ్ తప్పనిసరి. బిడ్డకి తల్లి పాలే పట్టండి, మొదటి పాలతో సహా."

తిరపతమ్మ మొదటి ముక్క తప్ప మిగతావేవీ వినలేదు. దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టింది. కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత తన కుడి అరచేతిని చూసుకుంది. వరండా చివర కుళాయి దగ్గరకు వెళ్లి, సబ్బు అడిగి తీసుకుని, ఆ చేతిని మోచేతి దాకా రుద్ది రుద్ది కడుక్కుంది.

శ్రీదుర్గ చూసింది. మంగతాయారు కూడా చూసింది.

రూతు శ్రీదుర్గను ఆపి మెల్లగా చెప్పింది. "మీ ఆయన్ని, నిన్ను గుంటూరు పంపాలి. అక్కడ మందులు ఉచితంగా ఇస్తున్నారు. ఆ మందులు పురుగుని చంపవు, లేవకుండా పడుకోబెడతాయి. జీవితాంతం వాడాలి. వాడితే పిల్లాణ్ణి పెంచుకుంటారు." తర్వాత అడిగింది. "ఊళ్లో ఉండనిస్తారా?"

"తెలియదండీ" అంది శ్రీదుర్గ. నిజంగానే తెలియదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో తిరపతమ్మ రెండు వరసల ముందు కూర్చుంది. పడవలో ముందుకొనకు చేరి, తనకూ శ్రీదుర్గకూ నడుమ గుడ్డల సంచి, ఫ్లాస్కు, గొడుగు వరసగా పెట్టించింది. పొద్దుటి పడవంతా ఆవిడదే. ఇప్పటి పడవలో మాత్రం సరిహద్దు ఏర్పడింది. భయం తీరగానే మనుషులకు గుర్తొచ్చేది అంతస్తే.

పాలెం దగ్గరపడుతోంది. ఒడ్డున ఆడవాళ్లు గుంపుగా నిలబడ్డారు. అచ్చమ్మ ఉంది, సూరమ్మ ఉంది. వాళ్ల వెనక, ఒంటరిగా, వీరమ్మ. ఎవరి చేతుల్లో ఏముందో అంత దూరానికి ఆనలేదు. శ్రీదుర్గ నానిగాణ్ణి భుజం మీదకు వేసుకుని కొంగు కప్పింది.

మంగతాయారు లేచింది. పడవ ఊగింది. "కూర్చోవే, పడిపోతావ్!" అని తిరపతమ్మ అరిచింది. ఆమె వినలేదు. సంచి దాటింది, గొడుగు దాటింది, వచ్చి శ్రీదుర్గను ఆనుకుని కూర్చుంది.

"నానిగాణ్ణి ఇటివ్వు వదినా. నువ్వు వీణ్ణి పట్టుకో."

"వద్దు వదినా. ఒడ్డున చూస్తున్నారు."

"చూడనీ. పేరు పెట్టేటప్పుడు పాలతల్లి ఒళ్లోనే పెట్టాలంట కదా. వీడికి ప్రాణం పోసింది నువ్వు పట్టని పాలు. నాకు వేరే పాలతల్లి లేదు."

"మంగా!" అంది తిరపతమ్మ.

"నీ చెయ్యి శుభ్రంగానే ఉందిగా అమ్మా. నువ్వు ఊరుకో." మంగతాయారు తల్లి వైపు తిరగనైనా లేదు. "ఇంటికి రాగానే నీ అల్లుణ్ణి బందరు పంపుతాను. వెళ్లనంటే ఈ పడవెక్కి నేనే తీసుకెళ్తాను. అప్పుడు కూడా దారి చూపించేది ఈ వదినే."

బిడ్డ శ్రీదుర్గ ఒళ్లోకి వచ్చాడు. వాడు నిన్నటిలా మెడ తిప్పుతాడని, నోరు తెరిచి వెతుకుతాడని, ఒడ్డున ఉన్నవాళ్లంతా అది చూస్తారని ఆమెకు భయం. జాకెట్టు మళ్లీ తడిసింది.

వాడు కదలలేదు. కడుపు నిండా తల్లి మొదటి పాలు తాగి ఉన్నాడు. పిడికిలి మూసుకుని, పెదవి చివర పసుపుపచ్చటి చుక్కతో, గాఢంగా నిద్రపోతున్నాడు.

పడవ ఇసుకను తాకింది. ఒడ్డున ఎవరూ ముందుకు రాలేదు, ఎవరూ వెనక్కి పోలేదు. శ్రీదుర్గ బిడ్డను గుండెలకు దగ్గరగా పట్టుకుని, ముందు తనే దిగింది.